యుద్ధానంతర జర్మనీ సంఘం: ఒప్పుకోలు నేర్పే పాఠాలు

పరిచయం

రెండవ ప్రపంచ యుద్ధం (1939–1945) ముగిసేసరికి జర్మనీ పట్టణాలు శిథిలాలయ్యాయి. నాజీ పాలనలో దాదాపు 60 లక్షలమంది యూదులు హతులయ్యారు. మార్టిన్ లూథర్ పుట్టిన దేశంలో, ప్రజలలో అత్యధికులు బాప్తిస్మం పొందినవారైన దేశంలో ఇది ఎలా సంభవించింది? ఆ దేశపు సంఘానుభవం నుండి కాపరులు నేర్చుకోదగిన మూడు పాఠాలను ఇక్కడ పరిశీలిద్దాం.

1. పతనం యుద్ధానికి ముందే మొదలైంది

1933 జనవరిలో హిట్లర్ అధికారంలోకి వచ్చాడు. జూలైలో జరిగిన సంఘ ఎన్నికలలో అతనిని సమర్థించిన ‘జర్మన్ క్రైస్తవులు’ అనే వర్గం గెలిచింది. సెప్టెంబరులో ప్రష్యా సంఘ మహాసభ, యూదు వంశస్థులైన క్రైస్తవులు సంఘసేవకులుగా ఉండరాదని తీర్మానించింది. అంటే బాప్తిస్మం కంటె పుట్టుకే గొప్పదయింది. రోమా 13వ అధ్యాయాన్ని పదే పదే ఎత్తి చూపినవారు, అపొస్తలుల కార్యములు 5వ అధ్యాయంలో పేతురు ఇచ్చిన జవాబును మరచిపోయారు.

2. మంచి ఒప్పుకోలులో కూడా మౌనం ఉండవచ్చు

1934 మే నెలలో బార్మెన్‌లో కూడిన సభ, కార్ల్ బార్త్ ప్రధానంగా రచించిన ఆరు అంశాల ప్రకటనను ఆమోదించింది. సంఘానికి క్రీస్తు ఒక్కడే ప్రభువని అది ధైర్యంగా చాటింది. అయితే యూదుల శ్రమలను గూర్చి అందులో ఒక్క మాటైనా లేదు. 1967లో బార్త్ దీనిని తన అపరాధంగా ఒప్పుకున్నాడు. సంఘం తన స్వేచ్ఛ కోసం మాట్లాడటం వేరు, పొరుగువాని ప్రాణం కోసం మాట్లాడటం వేరు. 1938 నవంబరులో యూదుల సమాజమందిరాలు తగలబడినప్పుడు అత్యధిక ప్రసంగ వేదికలు మూగబోయాయి.

3. ‘వారు’ అనక ‘మేము’ అనుట

1945 అక్టోబరులో స్టుట్‌గార్ట్‌లో సంఘ నాయకులు ఇతర దేశాల సంఘ ప్రతినిధుల ఎదుట తమ దోషాన్ని ఒప్పుకున్నారు. సంతకం చేసిన మార్టిన్ నీమెల్లర్ 1937 నుండి 1945 వరకు చెరలో ఉన్నవాడు. నేరం ఇతరులదని చెప్పడానికి అతనికి అవకాశముంది. అయినా దానియేలు 9వ అధ్యాయంలో ప్రవక్త చేసినట్లే అతడు ప్రజల పాపంలో తననూ చేర్చుకున్నాడు. ఆకలితో, నిరాశ్రయతతో ఉన్న అనేకమంది విశ్వాసులు ఈ ప్రకటనను నిందించారు. ఇతర దేశాల సంఘాలతో సహవాసానికి మాత్రం ఇది ద్వారం తెరచింది. ఇందులో కూడా యూదుల పేరు లేదు. 1950లో బెర్లిన్-వైసెన్‌సీ మహాసభ ఆ మాట పలికింది. ఒప్పుకోలు ఒక్కనాటితో ముగిసే పని కాదని దీనివలన తెలుస్తుంది.

ముగింపు

పుట్టుకను బట్టి మనిషిని తూచే అలవాటు మన సంఘాలకు క్రొత్త కాదు. కులం పేరిట వేరు వరుసలు, వేరు సమాధి స్థలాలు ఉన్నచోట ప్రష్యా సభ తీర్మానం దూరదేశపు కథ కాదు. అటువంటిచోట కాపరి మొదట వేసుకోవలసిన ప్రశ్న ఇది: నేను ఎవరి విషయంలో మౌనంగా ఉన్నాను?