హాలె విశ్వవిద్యాలయం: చరిత్ర, స్థానం

సంఘ చరిత్ర తరగతుల్లో హాలె పేరు రాగానే మనకు ఫ్రాంకే గారి అనాథాశ్రమమే గుర్తుకు వస్తుంది. అయితే అనాథాశ్రమం వేరు, విశ్వవిద్యాలయం వేరు. రెండూ ఒకే పట్టణంలో, కొంతవరకు ఒకే వ్యక్తుల చేతుల్లో నడిచినందువలన ఈ పొరబాటు కలుగుతున్నది.

విశ్వవిద్యాలయాన్ని 1694లో బ్రాండెన్‌బర్గ్ పాలకుడు మూడవ ఫ్రెడరిక్ స్థాపించాడు. ఆగస్ట్ హెర్మన్ ఫ్రాంకే అక్కడ ఆచార్యుడు. పక్కనే ఉన్న గ్లౌఖా సంఘానికి కాపరి. పేదపిల్లల కొరకు ఆయన 1695లో ప్రారంభించిన బడి నుండే అనాథాశ్రమం, ముద్రణాలయం మొదలైనవన్నీ పెరిగాయి. ఇక్కడ చదివిన బెంజమిన్ షుల్జ్ 1719లో తరంగంబాడి చేరాడు, తరువాత మద్రాసులో బైబిలును తెలుగులోనికి అనువదించాడు. ఆ అనువాదం అచ్చు కాలేదు. కాని ఆయన 1743లో హాలెకు తిరిగి వెళ్లిన తరువాత, 1746-47లో కొన్ని చిన్న తెలుగు పుస్తకాలు అక్కడ అచ్చయ్యాయి. తెలుగులో తొలి అచ్చు పుస్తకాలుగా వీటినే చెబుతారు.

ఫ్రాంకేను గౌరవించే మనకు కష్టమనిపించే పుట ఒకటి ఉంది. తత్వశాస్త్ర ఆచార్యుడైన క్రిస్టియన్ వోల్ఫ్ 1721లో ఒక ప్రసంగం చేశాడు. బైబిలు ఎరుగని చైనీయులు కూడ వివేకముచేత నీతిని గ్రహించగలిగారని దాని సారాంశం. భక్తివాద వేదాంతులు దీనిని ఘాటుగా ఎదిరించారు. చివరకు 1723లో రాజు, నలభై ఎనిమిది గంటలలో రాజ్యం విడిచిపోవాలని, లేకుంటే ఉరి తప్పదని వోల్ఫ్‌కు ఆజ్ఞ పంపాడు. వాదానికి వాదంతో జవాబు చెప్పవలసిన చోట రాజదండాన్ని ఆశ్రయించడం, నా దృష్టిలో, భక్తివాదానికే నష్టం చేసింది. 1740లో క్రొత్త రాజు వోల్ఫ్‌ను తిరిగి పిలిపించాడు. తరువాతి కాలంలో అదే వేదాంత శాఖలో సెమ్లర్ బైబిలు గ్రంథాలను చారిత్రక విమర్శతో పరిశీలించడం మొదలుపెట్టాడు. మన తొలి తెలుగు అనువాదకుని, నేడు మన కళాశాలల్లో తగవులకు కారణమైన ఆ పద్ధతిని పెంచినది ఒకే విశ్వవిద్యాలయం! పందొమ్మిదవ శతాబ్దంలో థోలుక్ అక్కడే మరల ఉజ్జీవ ధోరణిలో బోధించాడు.

లూథరు పేరు సంగతి. ఆయన బోధించినది హాలెలో కాదు, 1502లో స్థాపించబడిన విట్టెన్‌బర్గ్‌లో. నెపోలియన్ యుద్ధాల తరువాత 1817లో ఆ రెండింటిని కలిపారు. ‘మార్టిన్ లూథర్’ అనే పేరు పెట్టినది 1933లో, హిట్లరు అధికారానికి వచ్చిన సంవత్సరంలో.

నేడిది సుమారు ఇరవై వేలమంది విద్యార్థులున్న ప్రభుత్వ విశ్వవిద్యాలయం. ప్రొటెస్టెంట్ వేదాంత విభాగం కొనసాగుతున్నది. తరంగంబాడి మిషనరీల ఉత్తరాలు మాత్రం ఫ్రాంకే సంస్థల భాండాగారంలో ఉన్నాయి. షుల్జ్ మీద పరిశోధన చేయగోరే విద్యార్థి మొదట ఆ చిరునామాకే వ్రాయాలి.