పురుగు ముట్టని ప్యాంటు

మొన్న దసరా సెలవుల్లో అటక మీది ట్రంకుపెట్టె దింపాం. దింపాం అంటే మా మనవరాలు చిట్టి దింపింది, నేను కింద నిలబడి "మెల్లిగా, మెల్లిగా" అన్నాను. మూత తియ్యగానే ఏనాడో కరిగిపోయిన కలరా ఉండల వాసన గుప్పుమంది.

అడుగున మా తాతగారి ఖద్దరు పంచె ఉంది. దాని మీద నా పెళ్ళినాటి టెరిలిన్ బెల్‌బాటం ప్యాంటు. పంచె విప్పి చూస్తే జల్లెడ! మడతల్లోంచి రెండు వెండిరంగు పురుగులు జరజరా పరిగెత్తాయి. ప్యాంటు మాత్రం చెక్కుచెదరలేదు. యాభై ఏళ్ళనాటి ఇస్త్రీ మడత కత్తిలా నిలబడి ఉంది.

"తాతయ్యా, ఈ పురుక్కి నీ ప్యాంటు నచ్చలేదా?" అంది చిట్టి.

"ఆ అంచు వెడల్పు చూస్తే ఎవరికి నచ్చుతుందే!" అంది వాళ్ళ నాన్నమ్మ వంటింట్లోంచి.

నవ్వుకున్నాం గానీ, చిట్టి అడిగిన ప్రశ్న చిన్నది కాదు. వందేళ్ళలో మన కట్టూబొట్టూ ఎందుకు మారాయో ఆ పురుగు చెబుతుంది. సినిమాలు మార్చాయంటారు, పట్నం మార్చిందంటారు. నిజమే. కానీ వాటన్నిటికీ కింద పోగు మారింది.

ముందు పంచె సంగతి. మా తాతగారు 1921లో సహాయ నిరాకరణ రోజుల్లో ఖద్దరు పట్టారు. ఈ పంచె పొందూరుది. శ్రీకాకుళం జిల్లాలోని ఆ ఊళ్ళో కొండపత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. సూదిమొనల్లాంటి సన్నటి పళ్ళు వరసగా ఉంటాయి ఆ ఎముకకు. నలకలు పోయి పోగులు ఒక వరసకు వస్తాయి. అప్పుడే అంత సన్నని నూలు వస్తుంది.

పత్తిపోగు అంటే ఏమిటనుకున్నావు? గ్లూకోజు పూసలు గుచ్చిన పొడుగాటి దండ. అన్నం వార్చిన గంజి కూడా గ్లూకోజు దండే! గుచ్చిన తీరు ఒక్కటే తేడా. అందుకే మనం గంజిని అరిగించుకుంటాం, పంచెను అరిగించుకోలేం. ఆ వెండి పురుగుకు రెండూ అరుగుతాయి. గంజిపెట్టిన ఖద్దరు దానికి పప్పూ అన్నం కలిపి వడ్డించినట్టు.

ఆ దండలోని ప్రతి పూసకూ నీటిని పట్టుకునే చేతులున్నాయి. మామూలు గాలిలో ఆరేసిన 100 గ్రాముల పత్తి 8 గ్రాముల దాకా తేమ పట్టి ఉంచుకుంటుంది. మన ఎండల్లో చెమటను పీల్చి గాలికి ఇచ్చేది అదే. ఆ చేతులతోనే చిక్కూ ఉంది. ఉతికినప్పుడు నీళ్ళు దూరి పక్కపక్క దండలు పట్టు వదిలేస్తాయి. ఆరేటప్పుడు ఎలా ముడుచుకుని ఉంటే అలాగే మళ్ళీ చేతులు పట్టుకుంటాయి. అదే ముడత. ఇస్త్రీకి ముందు నీళ్ళు ఎందుకు చిలకరిస్తామో ఇప్పుడు తెలిసిందా? పట్టు వదిలించి, వేడితో సాపు చేసి, కొత్తగా పట్టించడానికి. నా చిన్నప్పుడు ఈ పనికి ఒక పూట పట్టేది, బొగ్గుల పెట్టె చల్లారిపోతే ఇంకో పూట.

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో బట్టకు కంట్రోలు వచ్చింది. కార్డు మీద గజాల లెక్కన ఇచ్చేవారని మా అమ్మ చెప్పేది. సరిగ్గా ఆ యుద్ధంలోనే, 1941లో, ఇంగ్లండులో బట్టల మీద అద్దకాలు వేసే ఒక కంపెనీలో విన్‌ఫీల్డ్, డిక్సన్ అనే ఇద్దరు రసాయన శాస్త్రజ్ఞులు మొక్కతోనూ పురుగుతోనూ పనిలేని పోగు ఒకటి తీశారు. పెట్రోలియం నుంచి వచ్చే సరుకులను గొలుసుగా కలిపి, కరిగించి, సన్నటి చిల్లుల్లోంచి జంతికల పిండిలా నొక్కడమే. అదే టెరిలిన్. కొట్లో కొనే మంచినీళ్ళ ప్లాస్టిక్ సీసా ఉందే, అదీ ఇదీ ఒకే పదార్థం.

"అంటే నువ్వు పెళ్ళిలో సీసాలు తొడుక్కున్నావా తాతయ్యా?"

తొడుక్కోవడమేమిటి, దానికోసం అలిగాను కూడా! ఆ రోజుల్లో అల్లుడికి టెరిలిన్ పెట్టారంటే ఊరంతా చెప్పుకునేవారు. పొద్దున ఉతికి దండెం మీద వేస్తే కాఫీ తాగేలోపు ఆరేది. ఈ పోగుకు నీటిని పట్టుకునే చేతులు లేవు మరి. 100 గ్రాములకు అర గ్రాము తేమ కూడా పట్టదు. అందుకే ముడతా పడదు. ఇక ఆ ఇస్త్రీ మడత ఎందుకు పోలేదంటావా? డెబ్భై, ఎనభై డిగ్రీల వేడి దాటితే ఈ గొలుసులు మెత్తబడతాయి. ఆ వేడిలో ఎలా మడిస్తే, చల్లారాక అలాగే బిగుసుకుంటాయి. అడుగు వెడల్పు అంచు గంటలా నిలబడాలంటే ఇలాంటి గుడ్డే కావాలి. పంచె గుడ్డతో బెల్‌బాటం కుట్టి ఉంటే బస్సెక్కేలోపే నలిగి వేలాడేది.

కాకపోతే మే నెలలో ఆ సుఖం తెలిసేది. చెమట పోయే దారి లేక ఒళ్ళంతా పేలింది. చివరికి దాన్నీ పత్తినీ కలిపి టెరికాటన్ నేశాక గానీ ఊపిరాడలేదు.

ఆడవాళ్ళకు అప్పుడే నైలాను చీరలు వచ్చాయి. సినిమాలో వాణిశ్రీ కట్టిందంటే ఆ వారంలోనే బజార్లో అదే రకం అడిగేవారు. మా ఇంట్లో మాత్రం ఒక కట్టడి ఉండేది: నైలాను చీరతో పొయ్యి దగ్గరికి రాకూడదు. ఎందుకో చిట్టికి చూపిద్దామని పంచె నుంచి ఒక పోగు, ప్యాంటు నుంచి ఒక పోగు లాగి, పట్టుకారుతో దీపం దగ్గర పెట్టాను. పంచె పోగు మండి, కాగితం కాలిన వాసనతో మెత్తటి బూడిదైంది. ప్యాంటు పోగు మంటకు వెనక్కి ముడుచుకుని, కరిగి, చివర నల్లటి గట్టి పూస కట్టింది. నైలానూ ఇలాగే కరుగుతుంది. ఆ కరిగింది ఒంటికి అంటుకుంటే ఊడదు. మా అమ్మకు రసాయన శాస్త్రం రాదు గానీ ఈ సంగతి తెలుసు. (పిల్లలూ, ఇది పెద్దవాళ్ళు పక్కనుంటేనే.)

"మరి నా జీన్సు?" అంది చిట్టి.

అది పాత పత్తే. నీలిమందుది తమాషా స్వభావం, నీళ్ళలో కరగదు. రసాయనంతో దాని రంగు చంపి, పసుపుపచ్చ కషాయంగా మార్చి, అందులో నూలు ముంచుతారు. పైకి తీయగానే గాలి తగిలి కళ్ళముందే నీలమవుతుంది. ఆ రంగు పోగు పైపైనే ఉంటుంది, లోపల తెలుపే. అందుకే మోకాళ్ళ దగ్గర అరిగి వెలుస్తుంది. 1897లో జర్మనీ వాళ్ళు నీలిని ఫ్యాక్టరీలో చేసి అమ్మడం మొదలుపెట్టాక మన కడప, నెల్లూరు వైపు నీలి సాగు కూడా చితికిపోయింది.

నీ జీన్సులో సాగే పోగు కూడా ఒకటి కలిపారు. అమెరికాలో 1958లో పుట్టింది. ఇప్పుడు ఒక చిత్రం చూడు. మా తాతగారి పంచెకు కొలతల్లేవు, లావైనా సన్నమైనా కట్టులో సర్దుకునేది. చీరా అంతే. నా కాలానికి దర్జీ టేపు వచ్చింది, పెళ్ళయిన ఏడాదికి నడుము పట్టక ప్యాంటు అటకెక్కింది. నీ లెగ్గింగ్స్‌కు మళ్ళీ కొలతల గొడవ లేదు. అప్పుడు కట్టు సర్దుకునేది, ఇప్పుడు పోగు సర్దుకుంటోంది.

అన్నీ విని చిట్టి, "పురుగు తినకపోతే మట్టి తింటుందా?" అంది. ఏమని చెప్పను? ఇద్దరం కలిసి పంచె నుంచి జానెడు, ప్యాంటు నుంచి జానెడు కత్తిరించి పెరట్లో కరివేపాకు చెట్టు మొదట్లో పాతిపెట్టాం.

సంక్రాంతికి వచ్చి తవ్వింది. పంచె ముక్క వెతికితే దొరకలేదు. ఏది మట్టో ఏది ఖద్దరో తేలని నాలుగు పీలికలు వేళ్ళకు అంటుకున్నాయి. ప్యాంటు ముక్కను కుళాయి కింద జాడించి, వెలుతురుకు ఎత్తి పట్టుకుంది.

"తాతయ్యా, మడత ఇంకా ఉంది!"