ప్రధాని చెంతన తెలుగు అధికారి.. పీవీ సలహాదారుగా ప్రసాద్

కాప్రా: ఈసీఐఎల్, ఎన్‌ఎఫ్‌సీ ఉద్యోగుల కుటుంబాలతో ఎదిగిన కాప్రా ప్రాంతానికి ప్రధానమంత్రి కార్యాలయం కొత్త పేరేమీ కాదు. ఈ రెండు సంస్థలూ అణుశక్తి విభాగం పరిధిలోనివి. ఆ విభాగం నేరుగా ప్రధాని అధీనంలో ఉంటుంది. అంతటి కార్యాలయంలో సలహాదారు చేసే పనేమిటి, ఆయన మాట ఎంతవరకు చెల్లుతుంది అన్నది మాత్రం చాలామందికి తెలియదు. పీవీ నరసింహారావు వద్ద పనిచేసిన ఐఏఎస్ అధికారి పి.వి.ఆర్.కె.ప్రసాద్ ఉద్యోగ జీవితాన్ని పరిశీలిస్తే ఈ విషయం బోధపడుతుంది.

తిరుమల నుంచి ఢిల్లీకి..

1966 బ్యాచ్‌కు చెందిన ప్రసాద్ 1978 నుంచి 1982 వరకు తిరుమల తిరుపతి దేవస్థానం కార్యనిర్వహణాధికారిగా పనిచేశారు. వైకుంఠం క్యూ కాంప్లెక్స్ వంటి పనులతో భక్తులకు సుపరిచితులయ్యారు. విశాఖపట్నం పోర్టు ట్రస్టు ఛైర్మన్‌గానూ వ్యవహరించారు. 1991 జూన్ 21న పీవీ ప్రధానిగా ప్రమాణ స్వీకారం చేశాక ఆయన కార్యాలయంలో చేరి మీడియా సలహాదారు బాధ్యతలు నిర్వహించారు.

సంతకం లేని కొలువు

అప్పట్లో లోక్‌సభలో ప్రభుత్వానికి సొంత మెజారిటీ లేదు. విదేశీ మారకద్రవ్య నిల్వలు అడుగంటాయి. 1991 జూలైలో రూపాయి విలువ తగ్గింపు, కొత్త పారిశ్రామిక విధానం వెంటవెంటనే వెలువడ్డాయి. పీవీ మితభాషి. ఇటువంటి ప్రధాని నిర్ణయాలను పత్రికలకు వివరించడం, బయటి అభిప్రాయాలను దాచకుండా ఆయన చెవిన వేయడం మీడియా సలహాదారు విధి. అయితే పాలనా దస్త్రాలు ముఖ్య కార్యదర్శి ద్వారా నడుస్తాయి. పీవీ హయాంలో ఆ స్థానంలో అమర్‌నాథ్ వర్మ ఉన్నారు. సలహాదారు పార్లమెంటుకు జవాబుదారీ కారు. ప్రధాని నమ్మకమే ఆయనకున్న బలం.

అయోధ్య పరీక్ష

1992 డిసెంబరు 6న బాబ్రీ మసీదు కూల్చివేత పీవీ ప్రతిష్ఠను దెబ్బతీసింది. ఆలయ వ్యవహారం పార్టీల చేతుల్లో కాక ధార్మికుల ట్రస్టు చేతుల్లో ఉండాలని ప్రధాని భావించారని, అందుకు తన సేవలను వినియోగించుకున్నారని ప్రసాద్ తదనంతరం వెల్లడించారు. ‘అసలేం జరిగిందంటే’ గ్రంథంలో ఆనాటి అనుభవాలను వివరించారు. నాయకుడి పక్కన నిలిచిన అధికారి సాక్ష్యం కనుక దానిని ఇతర కథనాలతో పోల్చి చదవడం ఉచితం.

పదవి పోయాక..

1996 ఎన్నికల్లో ఓటమితో పీవీ పదవి నుంచి వైదొలగారు. ముడుపుల కేసులో 2000లో కింది కోర్టు ఆయనను దోషిగా పేర్కొనగా, 2002లో ఢిల్లీ హైకోర్టు నిర్దోషిగా ప్రకటించింది. 2004 డిసెంబరు 23న పీవీ కన్నుమూశారు. ప్రసాద్ హైదరాబాద్‌లోని డాక్టర్ మర్రి చెన్నారెడ్డి మానవ వనరుల అభివృద్ధి సంస్థకు సారథ్యం వహించి, అధికారుల శిక్షణను పర్యవేక్షించారు. 2017 ఆగస్టులో ఆయన మరణించారు. పీవీకి భారతరత్న 2024లో లభించింది. నాయకుడి తరఫున కలం పట్టిన సలహాదారు ఆ గౌరవాన్ని చూడలేకపోయారు.