నొప్పి లేని గడ్డను ఉపేక్షించరాదు

కోల్‌కతాలోని ఖిదిర్‌పూర్ రేవు ప్రాంతంలో రెక్కాడితేగాని డొక్కాడని కుటుంబాలెన్నో ఉన్నాయి. నొప్పి లేని గడ్డ కోసం ఒకనాటి కూలి వదులుకొని ఆసుపత్రికి వెళ్లడం ఆ ఇళ్ల స్త్రీలకు సులభం కాదు. అయితే రొమ్ము క్యాన్సర్ గడ్డ తొలిదశలో సాధారణంగా నొప్పి పుట్టించదు.

రొమ్ములోగాని, చంకలోగాని గడ్డ తగిలినా, చర్మం సొట్టపడినా, చనుమొన లోపలికి ముడుచుకున్నా, రక్తం స్రవించినా వెంటనే వైద్యులను సంప్రదించాలి. గడ్డలన్నీ క్యాన్సర్ కావు. ఆ సంగతి పరీక్షలోనే తేలుతుంది.

ముంబయిలో టాటా స్మారక కేంద్రం 1998లో ఆరంభించిన అధ్యయనంలో, ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకొకసారి చేతితో పరీక్షించగా, 50 ఏళ్లు పైబడిన స్త్రీలలో ఈ వ్యాధి మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. 30 ఏళ్లు నిండిన స్త్రీలకు ఐదేళ్లకొకసారి ఈ పరీక్ష జరగాలన్నది జాతీయ మార్గదర్శకం. ఖిదిర్‌పూర్ వాసులకు హాజ్రాలోని చిత్తరంజన్ జాతీయ క్యాన్సర్ సంస్థ చేరువలోనే ఉంది.