పంచాంగం చూసి పడవెక్కండి

అండమాన్ ప్రయాణానికి హోటల్ కంటే, విమానం టికెట్ కంటే ముందు చూసుకోవాల్సిన కాగితం ఒకటుంది

సంపాదకులు సోమవారం పొద్దున ఫోన్ చేశారు. “సంక్రాంతి సెలవులకి అండమాన్ వెళ్లేవాళ్ల కోసం ముఖచిత్ర కథనం కావాలి. గురువారం సాయంత్రానికి ఇచ్చేయండి” అన్నారు. ఛార్జీలు, హోటళ్లు, చూడాల్సిన చోట్లు అన్నీ రాసుకోవడం మొదలుపెట్టాను. మంగళవారం రాత్రి అమ్మ తన పాత చేతిసంచిలోంచి నాలుగు మడతల కాగితం ఒకటి తీసి నా ముందు పెట్టింది. “మిగతావి ఎవరైనా చెబుతారు. నువ్వు ఇది రాయి” అంది. మేం అండమాన్ వెళ్లినప్పుడు ఒక పడవ నడిపే అతను ఇచ్చిన ఆటుపోట్ల పట్టిక అది. రెండు రోజులుగా దాన్ని చూస్తూనే ఉన్నాను. అమ్మ చెప్పిందే నిజం.

ఫొటోకాపీకి ఫొటోకాపీ. అంచులు ఉప్పుతేమకి మెత్తబడిపోయాయి. ప్రతి తేదీకి ఎదురుగా మూడో నాలుగో సమయాలు, ఒక్కో సమయం పక్కన మీటర్లలో ఒక అంకె. అంకె పెద్దదైతే పోటు, చిన్నదైతే ఆటు. అంతకుమించి అందులో ఏమీ లేదు. ఒక్క తేదీ చుట్టూ మాత్రం నీలం సిరాతో సున్నా చుట్టి ఉంది. మా ప్రయాణం మొత్తంలో మాకు మిగిలింది ఆ సున్నాలో ఉన్న సాయంత్రమే.

అప్పుడు జరిగింది ఇది. డిసెంబరు నెల. మేం డబ్బు కట్టిన ప్యాకేజీలో మూడోరోజు ఉదయం తొమ్మిదిన్నరకు ‘సహజ వంతెన’ అని రాసి ఉంది. షహీద్ ద్వీప్‌లో (పాత పేరు నీల్) లక్ష్మణ్‌పూర్ రెండో బీచ్ దగ్గర అలల కోతకి రాయి కమానులా మిగిలిపోయిన చోటు అది. ఆ దీవిలో స్థిరపడిన బెంగాలీలు దాన్ని హౌరా బ్రిడ్జి అంటారు. మోకాళ్ల నొప్పులతో అమ్మ ఆ దారంతా నడిచి వచ్చింది. తీరా వస్తే నడిచి వెళ్లాల్సిన రాళ్లన్నీ నీళ్ల కింద ఉన్నాయి. కమాను దూరం నుంచి కనబడుతోంది, దగ్గరికి దారి లేదు. మాతో వచ్చిన డ్రైవరు ఇక్కణ్నుంచే ఫొటో తీసుకోమన్నాడు. మధ్యాహ్నం తిరుగు పడవ. అమ్మ ఒడ్డున పడి ఉన్న దుంగ మీద కూర్చుని ఏమీ మాట్లాడలేదు.

అక్కడ పడవకి తాడు కడుతున్న మనిషి మా తెలుగు విని దగ్గరికొచ్చాడు. వాళ్ల తాత సోంపేట వైపు నుంచి వచ్చాడట. “పోటెక్కిపోనాది బాబూ. ఇప్పుడేటి సూత్తారు? మజ్జానం మూడింటికి రండి. రేపు అమాస గదా, నీరు బాగా తీత్తాది” అన్నాడు. మడిచిన ఆ కాగితం తీసి, తేదీ చుట్టూ సున్నా చుట్టి అమ్మ చేతికే ఇచ్చాడు. నేను వెళ్లి పడవ టికెట్లు మర్నాటికి మార్చుకొచ్చాను. ఒక రాత్రి అద్దె అదనంగా పడింది.

మూడు గంటలకి వెళ్లేసరికి అది పొద్దున చూసిన చోటులా లేదు. సముద్రం ఎక్కడికో వెళ్లిపోయింది. రాళ్ల మధ్య గుంటల్లో మిగిలిన నీళ్లలో వేలెడంత చేపలు తిరుగుతున్నాయి. నల్లటి దోసకాయలాంటి జీవి ఒకటి ఇసుక మీద కదలకుండా పడుకుని ఉంది. ఇంకో గుంటలో ఆల్చిప్ప నోరు తెరిచి ఉంది, దాని పెదవులు ఊదారంగు పట్టులా మెరుస్తున్నాయి. మా నీడ పడగానే మూసుకుంది. అమ్మ నా భుజం పట్టుకుని ఒక్కో రాయీ చూసుకుంటూ కమాను కిందిదాకా వచ్చింది. తల పైకెత్తి చాలాసేపు చూసింది. “పొద్దున ఇదంతా నీళ్ల కిందే ఉందా?” అని రెండుసార్లు అడిగింది. నాలుగున్నరకి ఒడ్డు చేరాం. వెనక రాళ్లు ఒక్కొక్కటే మునుగుతున్నాయి.

ఈ పట్టిక వెనక ఉన్న లెక్క మన ఇళ్లలో గోడకి వేలాడే క్యాలెండర్‌లోనే ఉంది. అండమాన్‌లో రోజుకి రెండు పోట్లు, రెండు ఆటులు. ఒక పోటుకీ ఇంకో పోటుకీ మధ్య సుమారు పన్నెండు గంటల పాతిక నిమిషాలు. అంటే పోటు సమయం ప్రతిరోజూ ఇంచుమించు యాభై నిమిషాలు ఆలస్యమవుతుంది. ఇవాళ ఉదయం పదింటికి ఆటు ఉంటే వారం తిరిగేసరికి అది సాయంత్రానికి పోతుంది. అమావాస్యకీ పౌర్ణమికీ సూర్యుడు, చంద్రుడు, భూమి ఒకే వరసలోకి వస్తాయి కాబట్టి నీరు బాగా పైకెక్కి బాగా లోపలికి తీస్తుంది. దాని జోరు తర్వాతి ఒకటి రెండు రోజులు కూడా ఉంటుంది. అష్టమి దాటాక దశమి ప్రాంతంలో పోటూ చిన్నదే, ఆటూ చిన్నదే.

మన పండగ సెలవులని ఈ లెక్కలో పెట్టి చూస్తే నాకే ఆశ్చర్యమేసింది. దీపావళి ఎప్పుడూ అమావాస్యే, కాబట్టి ఆ సెలవుల్లో ఏ ఏడాదైనా పెద్ద ఆటే. విజయదశమి ఎప్పుడూ దశమే, అప్పుడు సముద్రం అంతగా తీయదు. సంక్రాంతి మాత్రం సూర్యుణ్ని బట్టి వస్తుంది, పోటు చంద్రుణ్ని బట్టి వస్తుంది. జనవరి తేదీ అదే అయినా తిథి ఏటా మారిపోతుంది. నిరుడు సంక్రాంతికి వెళ్లొచ్చినవాళ్లు చెప్పిన సమయాలు మీకు పనికిరావు.

ఏది చూడాలన్నదాన్ని బట్టి కూడా తిథి ఎంచుకోవాలి. స్వరాజ్ ద్వీప్‌లో (హ్యావ్‌లాక్) రాత్రిపూట తెడ్డు వేస్తే నీళ్లలో నీలికాంతి మెరుస్తుంది. కంటికి కనపడని జీవుల వెలుగు అది. పున్నమి వెన్నెల్లో అది తేలిపోతుంది, అమావాస్య చీకట్లోనే దాని అందం. ఉత్తరాన డిగ్లీపూర్ దగ్గర రాస్, స్మిత్ దీవుల్ని కలిపే ఇసుక దారి ఆటులో తేలి, పోటులో మునుగుతుంది. షహీద్ ద్వీప్‌లోనే ఉన్న భరత్‌పూర్ బీచ్ సంగతి దీనికి తలకిందులు. ఈతకి నీళ్లుండాలంటే పోటు కావాలి, ఆటులో పగడపు రాళ్లు బయటపడతాయి. ఒక్క దీవిలోనే రెండు బీచ్‌లకి రెండు వేరే సమయాలు. గంటన్నరలో రెండూ చూపిస్తామనే ప్యాకేజీని నమ్మకండి.

చరిత్ర క్లుప్తంగా చెబుతాను. 1906లో సెల్యులార్ జైలు పూర్తయింది. అల్లూరి సీతారామరాజు అనుచరుడు గాం మల్లుదొర, కాకినాడ బాంబు కేసులో శిక్షపడ్డ ప్రతివాది భయంకరాచారి ఈ దీవులకి ద్వీపాంతరవాసం వచ్చినవాళ్లే. మల్లుదొర తర్వాత మొదటి లోక్‌సభకి ఎన్నికయ్యారు. స్వాతంత్ర్యం తర్వాత తూర్పు బెంగాల్ శరణార్థులు, ఉత్తరాంధ్ర మత్స్యకారులు వచ్చి స్థిరపడ్డారు. 2011 జనాభా లెక్కల్లో ఇక్కడ తెలుగు మాతృభాషగా ఉన్నవారు దాదాపు 13 శాతం. నీల్, హ్యావ్‌లాక్ దీవులకి 2018లో పేర్లు మారాయి, రాజధాని పోర్ట్‌బ్లెయిర్ 2024లో శ్రీవిజయపురం అయింది.

పోటు లెక్క ఇక్కడివాళ్లకి సరదా కాదు. 2004 డిసెంబరు 26 భూకంపానికి దక్షిణ అండమాన్ నేల కుంగింది, ఉత్తరాన తీరం పైకి లేచి పగడపు దిబ్బలు ఎండిపోయాయి. రాజధానికి దగ్గర్లోని సిప్పిఘాట్‌లో అంతకుముందు పంట పండిన పొలాల్లోకి ఇప్పుడు పోటునీరు వస్తుంది. కారు ఆ దారిన వెళ్లేటప్పుడు కిటికీలోంచి నీళ్లు అందంగానే కనిపిస్తాయి. అది ఒకరి పొలం అని తెలిసి చూడండి.

టికెట్ తీసే ముందు

నవంబరు నుంచి ఏప్రిల్ దాకా అనువైన కాలం. మే మూడో వారానికల్లా నైరుతి రుతుపవనాలు ముందు తాకేది అండమాన్‌నే, ఆ తర్వాత దీవుల మధ్య పడవలకి భరోసా ఉండదు. విశాఖ నుంచి ఓడలో వెళితే సుమారు రెండున్నర రోజులు. ఓడలు తరచుగా ఉండవు, తేదీలు ముందే కనుక్కోవాలి. గడియారం మనదే అయినా దీవులు బాగా తూర్పున ఉన్నాయి. డిసెంబరులో సాయంత్రం ఐదు గంటల ప్రాంతంలోనే సూర్యుడు దిగిపోతాడు, కాబట్టి నాలుగున్నర తర్వాత రాళ్ల మీద నడకలేవీ పెట్టుకోవద్దు. తిరుగు విమానానికి ముందు ఒక రోజు ఖాళీగా ఉంచుకోండి, గాలి లేస్తే పడవలు ఆపేస్తారు. రాళ్ల మీద నడవడానికి జారని చెప్పులు తప్పనిసరి.

అక్కడే వదిలేసి రావాల్సినవి

పగడపు ముక్కలు ఏరకండి, చట్టం ఒప్పుకోదు. బారాటాంగ్ దీవికి వెళ్లే రోడ్డు జారవా ఆదివాసీల అడవిలోంచి పోతుంది. అక్కడ బండి ఆపడం, ఫొటోలు తీయడం నేరం. వాళ్లని చూపిస్తామని ఆశపెట్టే టూర్ ఎవరిదైనా సరే, ఆ బండి ఎక్కకండి. వాళ్ల ఇంట్లోంచి మనం వెళ్తున్నాం, అంతే.

పట్టిక ఎక్కడ దొరుకుతుంది?

పోర్ట్‌బ్లెయిర్‌లో పోటు కొలత 1880 నుంచే ఉంది. భారత సర్వే శాఖ ఏటా ఆటుపోట్ల పట్టికలు అచ్చేస్తుంది. ఇంకా దగ్గరి దారి కావాలంటే, సముద్ర సమాచారం ఇచ్చే జాతీయ సంస్థ ఇన్‌కాయిస్ మన హైదరాబాద్ ప్రగతినగర్‌లోనే ఉంది. దాని వెబ్‌సైట్‌లో పోర్ట్‌బ్లెయిర్ పోటు సమయాలు, అలల హెచ్చరికలు ఉచితంగా చూడొచ్చు. మీరు వెళ్లే వారం పట్టిక తీసి, పగటిపూట ఆటు ఎప్పుడుందో చూసి, ఆ సమయానికి గంట ముందు ఒడ్డున ఉండేలా పడవ టికెట్ తీసుకోండి. హోటల్ గది ఆ తర్వాత.