నొప్పి తగ్గింది కదా అని ఆగిపోకండి: రూట్ కెనాల్, క్యాప్ గురించి

మన ఆసుపత్రి దంత విభాగం రిజిస్టరు తిరగేస్తుంటే కొన్ని పేర్ల దగ్గర మనసు చివుక్కుమంటుంది. మొదటి సిట్టింగు తేదీ ఉంటుంది, రెండవదీ ఉంటుంది, ఆ తరువాత గడి ఖాళీ. ఆ మనిషి మళ్లీ కనిపించేది ఆరు నెలలకో ఏడాదికో, పన్ను రెండుగా చీలిన తరువాత. అడిగితే ఒకటే జవాబు: "నొప్పి తగ్గిపోయింది కదా సిస్టరు గారూ, ఇంకెందుకులే అనుకున్నాను." వీరిలో ఎవరినీ కోప్పడే అర్హత నాకు లేదు. ఎందుకో కొంచెం ఆగి చెబుతాను.

పన్ను లోపల సన్నని గొట్టాల్లో నరం, రక్తనాళాలు ఉంటాయి. పిప్పి అంత లోతుకు వెళ్లినప్పుడు నరం వాచి, రాత్రి నిద్రపట్టని నొప్పి వస్తుంది. కొన్నాళ్లకు నరం చచ్చిపోయి నొప్పి దానంతట అదే ఆగవచ్చు. అది నయం కావడం కాదు. వేరు చివర చీము చేరుతూనే ఉంటుంది. మందుల షాపులో కొన్న యాంటీబయాటిక్‌తో వాపు కొంత అణగవచ్చు గానీ, చచ్చిన నరంలోకి రక్తం వెళ్లదు, కాబట్టి మందూ వెళ్లదు. అందుకే డాక్టరు గారు ఆ గొట్టాలను శుభ్రం చేసి, రబ్బరు వంటి పదార్థంతో నింపి మూసేస్తారు. దానినే రూట్ కెనాల్ అంటున్నాం.

ముందు పళ్లకు సాధారణంగా ఒకటే గొట్టం. పై దవడ పళ్లకు మూడు, చాలామందికి నాలుగు కూడా ఉంటాయి. కనుక పక్కింటివారికి ఒక్క సిట్టింగులో అయిపోయిందని, మీకు మూడు చెప్పారని అనుమానపడకండి. చీము ఎక్కువగా ఉన్న పన్నుకు లోపల మందు పెట్టి వారం, రెండు వారాలు ఆగవలసి రావచ్చు.

ఇక తేదీల సంగతి. కొల్లేరు లంకల నుంచి, తాడేపల్లిగూడెం వైపు పల్లెల నుంచి వచ్చేవారు ఇది శ్రద్ధగా చదవండి. నొప్పి ముహూర్తం చూసుకుని రాదు, కాబట్టి మొదటి సిట్టింగు ఎప్పుడైనా సరే. కానీ ఆ రోజే కుర్చీ దిగకముందు అడగండి: ఇంకా ఎన్నిసార్లు రావాలి, క్యాప్‌కు కొలత ఎప్పుడు, బిగించేది ఎప్పుడు? క్యాప్‌కు మామూలుగా రెండుసార్లు రావాలి. ఒకసారి పన్ను అరగదీసి కొలత తీస్తారు. ల్యాబు నుంచి క్యాప్ వచ్చాక బిగిస్తారు. మొత్తం మీద నెల, నెలన్నర చేతిలో పెట్టుకోండి. ఆ రోజుల్లో మీకు నాట్లు పడుతున్నాయా, దాళ్వా కోతలా, చేపల చెరువు పట్టుబడా, ఇంట్లో పెళ్లా చూసుకుని చెబితే తేదీలు దానికి తగినట్టే వేస్తాం. నవంబరు చివర మొదలుపెట్టి క్రిస్మస్ హడావిడిలో మధ్యలో వదిలేసేవారు ఏటా ఉంటారు. వానాకాలంలో లంకవాసులకు దారి కష్టం కూడా ఉంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి ఆ నీరు కొల్లేరుకు చేరినప్పుడు ఏలూరు, కైకలూరు రోడ్డు మీద రాకపోకలే ఆగిపోయాయి. అటువంటప్పుడు ఫోను చేసి తేదీ మార్చుకోండి. మానేయకండి.

ఎందుకింత పట్టుబడుతున్నానంటే, మధ్యలో పెట్టే సిమెంటు తాత్కాలికం. అది కొన్ని వారాలకే. తరువాత అరిగి, సందుల్లోంచి ఉమ్మి, క్రిములు లోపలికి దిగుతాయి. అప్పుడు చేసిన పనంతా మళ్లీ మొదటికి వస్తుంది. పైగా పిప్పి తీసేసి, లోపలికి దారి చేసిన దవడ పన్నుకు గోడలు మాత్రమే మిగులుతాయి. గట్టిది కొరికితే ఆ గోడలు చీలిపోతాయి.

ఇప్పుడు నా సంగతి. పదేళ్ల క్రితం నా కింది దవడ పన్నుకు రూట్ కెనాల్ అయింది. డ్యూటీలు, ఇన్‌స్పెక్షన్లు అంటూ క్యాప్‌ను నాలుగు నెలలు వాయిదా వేశాను. సంక్రాంతికి జంతిక కొరికాను. టక్కుమని శబ్దం. చీలిక వేరు దాకా పోయింది, పీకించుకోక తప్పలేదు. ఆ ఖాళీలో బ్రిడ్జి కట్టడానికి అటూ ఇటూ ఉన్న రెండు మంచి పళ్లను అరగదీశారు. ఒక్క క్యాప్‌తో పోయేదానికి మూడు పట్టాయి. రోజూ రోగులకు చెప్పే నర్సు చేసిన పని ఇది!

"ఏ క్యాప్ మంచిది?" అని అందరూ అడుగుతారు. ముందు పన్నుకు చిన్న రంధ్రమే పడి, మిగతా పన్ను గట్టిగా ఉంటే ఒక్కోసారి క్యాప్ లేకుండా ఫిల్లింగుతోనే సరిపోతుంది. దవడ పళ్లకు మాత్రం దాదాపు ఎప్పుడూ కావాలి. చివరి దవడ పన్నుకైతే లోహపు క్యాప్‌ను చిన్నచూపు చూడకండి. పలచగా ఉండి కూడా పగలదు, పన్నును తక్కువ అరగదీస్తే చాలు, ఖరీదూ తక్కువ. వెండిలా మెరుస్తుందని కొందరు వద్దంటారు గానీ అంత వెనుక ఎవరు చూస్తారు? అయితే గిల్టు కమ్మలు పెట్టుకుంటే చెవి దురద పెట్టి పుండు పడేవారు ఆ మాట డాక్టరు గారికి తప్పక చెప్పండి. అది నికెల్ పడకపోవడం కావచ్చు, చాలా లోహపు క్యాపుల్లో నికెల్ ఉంటుంది.

లోపల లోహం, పైన పింగాణీ ఉన్నది పన్ను రంగులో ఉంటుంది. కాకపోతే పింగాణీ పెచ్చు లేవవచ్చు, చిగురు కిందికో పైకో జరిగితే అంచున నల్లని గీత కనబడుతుంది. జిర్కోనియాలో లోహం కనిపించదు, గట్టిది, ఖరీదెక్కువ. నవ్వినప్పుడు కనిపించే పళ్లకు పూర్తి పింగాణీ రకాలూ ఉన్నాయి. నిద్రలో పళ్లు కొరికే అలవాటుంటే ముందే చెప్పండి, ఎంపిక మారుతుంది. కొన్ని క్యాపులకు ఇన్నేళ్లని గ్యారంటీ కార్డు ఇస్తారు. ఆ కార్డు క్యాప్‌కే, కింద పన్నుకు కాదు. అంచు దగ్గర బ్రష్ చేయకపోతే క్యాప్ కింద కూడా పిప్పి పడుతుంది.

డబ్బు లేక ఆగుతున్నారా? సిగ్గుపడకుండా చెప్పండి. ఖరీదైనది కొనేదాకా పన్నును ఖాళీగా ఉంచడం కంటే ఇప్పుడే లోహపుది వేయించుకోవడం మేలు. ఏలూరు దగ్గర దుగ్గిరాలలో సెయింట్ జోసెఫ్, భీమవరంలో విష్ణు డెంటల్ కాలేజీలు ఉన్నాయి. డెంటల్ కాలేజీల్లో అధ్యాపకుల పర్యవేక్షణలో విద్యార్థులు చేస్తారు, ఖర్చు తగ్గుతుంది, సమయం మాత్రం ఎక్కువ పడుతుంది.

సిట్టింగుకి ఖాళీ కడుపుతో రావద్దు. షుగరు, బీపీ మందులు ఎప్పటిలాగే వేసుకుని, భోజనం చేసి రండి. రక్తం పలచబడే మాత్రలు మీ అంతట మీరు ఆపకండి, చీటీ తెచ్చి చూపించండి. గుండె వాల్వు మార్పించుకున్నవారు, గర్భిణులు మొదటే చెప్పాలి. ముఖం వాచి జ్వరం వచ్చినా, నోరు తెరుచుకోకపోయినా, మింగడం కష్టమైనా అపాయింట్‌మెంట్ కోసం చూడవద్దు. రాత్రైనా క్యాజువాలిటీకి వచ్చేయండి.

క్యాప్ బిగించాక పళ్లు కలిపితే అదొక్కటే ముందుగా తగులుతున్నట్టుంటే, అలవాటైపోతుందిలే అని ఊరుకోకండి. మళ్లీ వస్తే కాస్త అరగదీసి సరిచేస్తారు. ఐదు నిమిషాల పని.