పూల పచ్చికలో మేకల కాపరి

వివాల్డి పేరు వినియుందురు. వెనిస్ పట్టణపు క్రైస్తవ గురువు. 1725లో అచ్చయిన ఆయన ‘నాలుగు ఋతువులు’లో వసంతకాలపు రెండవ భాగం నెమ్మదిగా వినండి. పూలు నిండిన పచ్చికలో మేకల కాపరి నిద్రపోతున్నాడు. వయొలిన్లు ఆకుల గలగల. వయోలా మాత్రం మాటిమాటికీ ఒకే స్వరం గట్టిగా పలుకుతుంది. ఏమిటది? కాపరి కుక్క మొరుగుతోంది! నాకెంతో ఇష్టమైన చోటు ఇదే.

2019లో జర్మనీలోని హాంబర్గ్‌లో ఈ సంగీతాన్నే వాతావరణ లెక్కల ప్రకారం మార్చి వాయించారు. పక్షులు తగ్గాయి గనుక వాటి స్వరాలనూ తగ్గించారు.

మరి పూల సంగతి? బ్రిటన్‌లో 1987 తరువాత మొక్కలు సగటున నెల రోజులు ముందే పూస్తున్నాయని 2022లో పరిశోధకులు తెలిపారు. ముందే పూస్తే మంచిదే కదా అంటారా? ఆలస్యంగా కురిసే మంచుకు అవి మాడిపోవచ్చు. తేనెటీగ వచ్చేసరికి పువ్వు రాలిపోయి ఉండవచ్చు.